మీకు తెలుసా? చిన్న వస్తువు... శ్రద్ధగా గీసిన బొమ్మ

కుంకుమ భరిణె, సున్నపుకాయ, అడకత్తెర, పన్నీరు బుడ్డి, కాలి కడియం. అన్నీ రోజూ చేతుల్లో మెదిలినవే. వాడతాం, తుడుస్తాం, గూట్లో పెడతాం. కానీ మన ఇంటి భరిణె మూత మీది పువ్వుకు ఎన్ని రేకులున్నాయో చూడకుండా చెప్పమంటే తడబడతాం. చేసినవాడి తర్వాత ఆ రేకుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టేది ఎవరంటే, దాన్ని కాగితం మీద గీసేవాడే.

ఇలాంటి బొమ్మల్ని మనం పెద్దగా పట్టించుకోం. దేవుడి పటం ముందు, రాజుగారి చిత్తరువు ముందు ఆగినట్టు ఒక చెంబు బొమ్మ ముందు ఆగం. ఆగితే మాత్రం చాలా సంగతులు తెలుస్తాయి. ఈసారి శీర్షికలో వికారాబాద్, తాండూరుల నుంచి బయల్దేరి, చిన్న వస్తువుల బొమ్మల వెనక ఉన్న పెద్ద కథలు కొన్ని చూద్దాం.

వికారాబాద్ పొరుగున శాతవాహనుల నగల పెట్టె

కొండాపూర్ అనగానే హైదరాబాద్‌లోని అద్దాల మేడలు గుర్తొస్తాయి. ఇది ఆ కొండాపూర్ కాదు. వికారాబాద్ నుంచి మోమిన్‌పేట, సదాశివపేట మీదుగా వెళ్తే సంగారెడ్డి జిల్లాలో తగిలే కొండాపూర్. ఊరి పక్కన ఉన్న పాటిదిబ్బను 1940వ దశకం మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. అప్పుడు ఆ శాఖకు పెద్ద గులాం యజ్దానీ. మట్టి కింద నుంచి శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. నాణేలు, పూసలు, గాజుల ముక్కలు, మట్టి బొమ్మలు కుప్పలుగా దొరికాయి. ఇప్పుడు అక్కడ పురావస్తు మ్యూజియం ఉంది.

దొరికిన వాటిలో తెల్ల సుద్దమట్టితో చేసిన చిన్న బొమ్మలకు ప్రత్యేకమైన పేరుంది. ముందు సగం ఒక అచ్చులో, వెనక సగం మరో అచ్చులో తీసి అతికించినవి అవి. వాటి తలకట్టు, జడ అల్లిక, చెవి కమ్మలు చూస్తే ఆనాటి ఆడవాళ్ల సింగారం తెలుస్తుంది. అంత చిన్న బొమ్మను ఫొటో తీస్తే వెలుగునీడల్లో సగం గీతలు మాయమవుతాయి. కలంతో గీసినప్పుడు జడ పాయ ఎటు తిరిగిందో, కమ్మ చెవికి ఎక్కడ తగులుకుందో స్పష్టంగా కనిపిస్తుంది. తవ్వకాల నివేదికల్లో నేటికీ ఫొటోల పక్కన గీసిన బొమ్మలు ఉండేది అందుకే.

కుండను సగం కోసినట్టు గీస్తారు, ఎందుకు?

పురావస్తు పుస్తకాల్లో కుండ బొమ్మ చూశారా? మధ్యలో నిలువుగా ఒక గీత ఉంటుంది. దానికి ఒక పక్క కుండను కోసినట్టు చూపిస్తారు. గోడ ఎంత మందమో, అంచు ఎలా వంగిందో ఆ పక్క తెలుస్తుంది. రెండో పక్క కుండ బయటి రూపం, దాని మీది గీతలు, చుక్కలు, అలల అంచు ఉంటాయి. ఒకే బొమ్మలో లోపలా బయటా రెండూ చదువుకోవచ్చు.

ఇంకో విశేషం కూడా ఉంది. చాలాసార్లు కుండ మొత్తం దొరకదు. మూతి పెంకు ఒక్కటే దొరుకుతుంది. ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు గీసిన కాగితం మీద ఆ పెంకు వంపును ఆనిస్తారు. ఏ వలయంతో సరిపోతే మూతి వెడల్పు అంత. ఆ కొలతతో కుండ మూతిని మళ్లీ గీసేస్తారు. నీడలకూ ఒక కట్టుబాటు ఉంది. రాతి పనిముట్టయినా, పూసయినా వెలుగు ఎడమ పక్క పైనుంచి పడుతున్నట్టే గీయడం ఆనవాయితీ. ఏ దేశంలో గీసిన బొమ్మనయినా ఇంకో దేశంవాళ్లు తికమక పడకుండా చదవగలిగేది ఆ కట్టుబాటు వల్లే.

రాళ్లు పోయాయి, బొమ్మలు మిగిలాయి

అమరావతి స్తూపం కథ తెలుగువాళ్లకు తెలిసిందే. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, పక్కనున్న దిబ్బలో చెక్కిన పాలరాతి లాంటి పలకలు బయటపడ్డాయి. ఆ మాట విని కల్నల్ కాలిన్ మెకంజీ 1798లో వచ్చి చూశాడు. తర్వాత 1816లో, భారత సర్వేయర్ జనరల్ హోదాలో, బొమ్మలు గీసేవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. వాళ్లు పలకల్ని ఒక్కొక్కటిగా కొలిచి గీశారు. ఆ బొమ్మల సంపుటం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే బాధ కలుగుతుంది. పలకల్లో కొన్ని మద్రాసు చేరాయి, కొన్ని లండన్ చేరాయి, కొన్ని కలకత్తా వెళ్లాయి. మరెన్నో సున్నపు బట్టీల పాలయ్యాయి, గోడల్లో కలిసిపోయాయి. మెకంజీ మనుషులు గీసిన పలకల్లో కొన్నింటికి ఇవాళ ఆ కాగితం ఒక్కటే సాక్ష్యం. ఆ పలకల మీది కడియాలు, పూర్ణకుంభాలు, తామర అంచులు రాతిలో లేవు, గీతలో ఉన్నాయి. శ్రద్ధగా గీసిన బొమ్మ విలువెంతో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

శిల్పం నుంచి చెవికమ్మను విడదీసిన పండితుడు

అమరావతి శిల్పాల గురించి మనం తప్పక తెలుసుకోవాల్సిన మరో పేరు సి. శివరామమూర్తి. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో పనిచేసిన పండితుడు. తర్వాత ఢిల్లీలోని జాతీయ మ్యూజియానికి డైరెక్టర్ అయ్యారు. 1975లో పద్మభూషణ్ అందుకున్నారు. 1942లో మద్రాసు మ్యూజియం తరఫున అమరావతి శిల్పాల మీద ఆయన రాసిన గ్రంథం వెలువడింది.

ఆ గ్రంథంలో ఆయన చేసిన ఒక పని ఎంతో ముచ్చటైనది. శిల్పంలో బుద్ధుడి కథ ఉంటుంది, గుంపులు గుంపులుగా మనుషులుంటారు. చూసేవాడి కన్ను కథ వెంట పరుగెడుతుంది. శివరామమూర్తి కథను కాసేపు పక్కనపెట్టి, ఆ మనుషుల ఒంటి మీది, ఇంట్లోని వస్తువుల్ని విడివిడిగా బయటికి తీసి స్వయంగా గీశారు. చెవి కమ్మలు, హారాలు, వడ్డాణాలు, తలపాగాలు, పీటలు, మంచాలు, గిన్నెలు, వాద్యాలు అన్నీ వరుసగా పేర్చారు. ఆ పుటల్ని చూస్తుంటే రెండువేల ఏళ్ల నాటి కృష్ణాతీరపు ఇంట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. కాలికి దొంతరలు దొంతరలుగా తొడిగిన కడియాలు చూస్తే, మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా పెద్దమ్మలు వేసుకున్న వెండి కడియాలు కళ్లముందు మెదులుతాయి. శిల్పంలో అవి అంతకుముందూ ఉన్నాయి. ఆయన గీసి చూపించాకే అందరి కంటా పడ్డాయి.

మైలుతుత్తం పూసిన లోహం మీద ముల్లుతో బొమ్మ

వికారాబాద్ జంక్షన్‌లో రైలెక్కి జహీరాబాద్ దాటితే బీదర్. బిదరీ సామాను పుట్టిల్లు. పాన్‌దాన్లు, హుక్కా బుడ్లు, అత్తరు బుడ్లు, గుండీలు... నల్లటి ఒంటి మీద తెల్లగా మెరిసే వెండి తీగ. అక్కడ ప్రతి వస్తువూ ముందు ఒక బొమ్మగా పుడుతుందని మీకు తెలుసా?

పని ఇలా సాగుతుంది. ఎక్కువ పాళ్లు జింకు, కొద్దిగా రాగి కలిపి కరిగించి ఇసుక అచ్చులో పోస్తారు. చల్లారాక ఆకురాయితో నునుపు చేస్తారు. అప్పుడు దాని రంగు బూడిద తెలుపు. ఆ తెలుపు మీద గీత కనపడదు. అందుకని మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. పైపొర తాత్కాలికంగా నల్లబడుతుంది. ఇప్పుడు ఉక్కు ముల్లుతో గీస్తే గీత తెల్లగా లేస్తుంది. చేయి తిరిగిన పనివాడు కింద ఏ నమూనా పెట్టుకోకుండా నేరుగా గీస్తాడు. వస్తువు గుండ్రంగా ఉంటుంది, ఎక్కడో ఒకచోట మొదలైన తీగ చుట్టూ తిరిగి మొదలైన చోటే కలవాలి. ఆకు వెడల్పు ఒక వెంట్రుక తేడా వచ్చినా చివర్లో పువ్వుకు చోటు చాలదు.

ఆ గీతల వెంట ఉలితో గాడి తీసి, గాడిలో వెండి తీగను గానీ రేకును గానీ కొట్టి కూర్చుతారు. ఆఖరి మెట్టు అసలైన అద్భుతం. బీదర్ కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి, కాస్త వేడి చేసిన వస్తువుకు రుద్దుతారు. జింకు ఒళ్లంతా శాశ్వతంగా నల్లబడుతుంది. వెండికి మాత్రం ఏమీ అవదు. చివర కాస్త నూనెతో తుడిస్తే ముల్లుతో గీసిన మొదటి బొమ్మ వెండిలో మెరుస్తూ బయటికొస్తుంది. తీగతో చేసే పనిని తార్‌కశీ అంటారు. పైన వెండి రేకు పరిచి, అందులో పువ్వుల ఆకారాలు కోసి, కింది నలుపే పువ్వుగా కనపడేలా చేస్తే అది అఫ్తాబీ. ఈ కళలో చేసిన కృషికి బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ దక్కింది.

హుక్కా బుడ్డి వయసు చెప్పిన చిత్రాలు

అక్బరు కొలువుకు పొగాకు చేరింది దక్కను నుంచే. బీజాపూర్ వచ్చి వెళ్లిన అసద్ బేగ్ అనే ఉద్యోగి పొగాకునూ, దాన్ని తాగే రత్నాల గొట్టాన్నీ పాదుషాకు కానుకగా సమర్పించినట్టు తానే రాసుకున్నాడు. అది పదిహేడో శతాబ్దపు తొలి ఏళ్లలో జరిగిన సంగతి. ఆ తర్వాత హుక్కా దక్కను ఇళ్లలో మర్యాద వస్తువైంది. దాని బుడ్డి మీద పనివాళ్లు తమ ప్రాణమంతా పెట్టారు.

పాత హుక్కా బుడ్ల మీద తేదీలు ఉండటం బహు అరుదు. మరి వాటి వయసు ఎలా పట్టుకోవాలి? దారి చూపింది బొమ్మలే. ఆనాటి దక్కనీ, మొఘల్ సూక్ష్మచిత్రాల్లో నవాబు పక్కన, బేగం పక్కన హుక్కా ఉంటుంది. మొదటి కాలపు చిత్రాల్లో బుడ్డి బంతిలా గుండ్రంగా, కింద చుట్టకుదురు మీద కూర్చుని ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం గడిచేకొద్దీ గంట ఆకారంలో అడుగు వెడల్పై, తనంతట తాను నిలబడే బుడ్డి కనిపిస్తుంది. చిత్రంలో ఒక మూలన వేలెడంత గీసిన వస్తువును చిత్రకారుడు ఒళ్లు దాచుకోకుండా గీశాడు కాబట్టే ఇవాళ మ్యూజియంలోని బుడ్డికి వయసు చెప్పగలుగుతున్నారు. హైదరాబాద్‌లో స్థిరపడిన జగదీశ్ మిత్తల్ స్వయంగా చిత్రకారుడు. భార్య కమలా మిత్తల్‌తో కలిసి బిదరీ వస్తువుల్ని సేకరించి, పరిశీలించి వాటి మీద గ్రంథం వెలువరించారు. ఇక సాలార్‌జంగ్ మ్యూజియంలో బిదరీకి ప్రత్యేకంగా ఒక గదే ఉంది. తాండూరు, వికారాబాద్ వాళ్లకు అది పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం.

తాండూరు బండ, బొమ్మలు అచ్చేసిన రాయి: ఒకే జాతి

తాండూరు అంటే కందిపప్పు, నాపరాయి. నీలం, పసుపు, బూడిద రంగుల్లో పలకలు పలకలుగా విడివడే ఆ రాయి సున్నపురాయి జాతికి చెందింది. మన ఇళ్లల్లో నేలగా పరుచుకున్న ఈ జాతి రాయే ప్రపంచానికి రంగుల బొమ్మలు అచ్చేసే విద్య నేర్పింది. 1796లో జర్మనీకి చెందిన అలోయిస్ సెనెఫెల్డర్ శిలాముద్రణ కనిపెట్టాడు. బవేరియాలోని సోల్న్‌హోఫెన్‌లో దొరికే నున్నటి సున్నపురాయి మీద జిడ్డు రంగుతో బొమ్మ గీస్తాడు. రాయిని తడుపుతాడు. సిరా రుద్దితే అది జిడ్డున్న చోటే అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. కాగితం వేసి అదిమితే బొమ్మ దిగుతుంది. ఎరుపుకు ఒక రాయి, నీలానికి ఒకటి, బంగారు రంగుకు ఇంకొకటి... ఇలా ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడితే రంగుల బొమ్మ తయారు.

ఈ పద్ధతిలోనే 1856లో లండన్‌లో ఓవెన్ జోన్స్ ప్రపంచ దేశాల అలంకారాలన్నీ ఒకచోట చేర్చి పెద్ద గ్రంథం అచ్చేశాడు. 1851 లండన్ మహా ప్రదర్శనకు మన దేశం నుంచి వెళ్లిన లోహపు సామాను, నేత బట్టల మీది పువ్వులు, తీగలు అందులో పుటలు పుటలుగా ఉన్నాయి. ఐరోపా పనివాళ్లు భారతీయ పనితనం చూసి నేర్చుకోవాలని ఆయన బాహాటంగా చెప్పాడు. 1884లో భారతీయ కళల మీద ప్రత్యేకంగా ఒక పత్రికే మొదలైంది. విలియం గ్రిగ్స్ రంగుల్లో అచ్చేసిన ఆ పత్రిక 1917 దాకా నడిచింది. దాని తొలి సంచికల్లోనే టి.ఎన్. ముఖర్జీ బిదరీ పని గురించి రాశారు. లాహోర్ కళాశాల ప్రిన్సిపాల్ లాక్‌వుడ్ కిప్లింగ్ ఆ పత్రికకు వెన్నుదన్నుగా నిలిచాడు. రచయిత రడ్‌యార్డ్ కిప్లింగ్‌కు ఆయన తండ్రి.

అమెరికా గీయించుకున్న 18,000 బొమ్మలు

1930వ దశకంలో అమెరికాను ఆర్థిక మాంద్యం కుదిపేసింది. చిత్రకారులకు పని లేదు. 1935లో అక్కడి ప్రభుత్వం వాళ్లకు ఒక పని అప్పగించింది. దేశంలో సామాన్యుల ఇళ్లల్లో ఉన్న అందమైన పాత వస్తువుల్ని వెతికి, నీటి రంగుల్లో ఉన్నదున్నట్టు గీయడం. పాల కూజాలు, పిల్లల బొమ్మలు, బొంతలు, తాళాలు, గాలిమరలు, గుండీలు... 1942 దాకా వందలాది మంది చిత్రకారులు గీసిన బొమ్మలు సుమారు 18,000. అవన్నీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో భద్రంగా ఉన్నాయి. చెక్క మీది చీలిక, బట్టలో తెగిన దారం కూడా వదలకుండా గీశారు. దగ్గరికెళ్లి చూసినా అసలు వస్తువేమో అనిపించే బొమ్మలవి.

అంతకు మూడు వందల ఏళ్ల కిందటే ఐరోపాలో వెన్‌స్లాస్ హోలర్ అనే కళాకారుడు చలికి చేతులు దూర్చుకునే బొచ్చు తొడుగుల్ని రాగి రేకు మీద గీసి అచ్చు తీశాడు. 1640వ దశకం నాటి ఆ అచ్చుల్లో ఒక్కో వెంట్రుకా వేరుగా కనిపిస్తుంది. మనిషి లేడు, కథ లేదు. బల్ల మీద పెట్టిన తొడుగులు, అంతే. అయినా కళాప్రియులు నేటికీ వాటిని వెతుక్కుని చూస్తారు.

జనాభా లెక్కలవాళ్లు నగలు కూడా గీశారు

జనాభా లెక్కలంటే మనుషుల్ని లెక్కపెట్టడమే అనుకుంటాం. 1961 లెక్కలు అంతటితో ఆగలేదు. అప్పటి రిజిస్ట్రార్ జనరల్ అశోక్ మిత్రా పూనికతో దేశమంతటా ఎంపిక చేసిన పల్లెల మీద, చేతివృత్తుల మీద, జాతరల మీద విడివిడిగా పుస్తకాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బాధ్యత ఎ. చంద్రశేఖర్ చూశారు. ఊరి పేరు, కులాలు, పంటలతోపాటు ఇంటి నమూనా, వంటసామాను, పనిముట్లు, ఒంటి మీది నగలు కూడా ఆ పుస్తకాల్లోకి ఎక్కాయి. ప్రభుత్వ నివేదిక కాబట్టి ఆడంబరం లేదు. సన్నటి నల్ల గీత, పక్కన పేరు, అంతే. కానీ అరవై ఏళ్ల కింద మన పల్లెటూరి చెవుల్లో ఏ గంటీలు ఊగాయో, చేతికి ఏ కంకణం ఉందో తెలుసుకోవాలనుకునే వాడికి అవి బంగారు గనులు. పాత గ్రంథాలయాల్లో దుమ్ముపట్టి ఉన్న ఆ సంపుటాలు కనిపిస్తే తప్పక తెరిచి చూడండి.

గడీలోని వస్తువులకు జాతీయ అవార్డు

బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ 1988 సినిమా. తెలంగాణ గడీలో ఒక దాసి బతుకు. ఆ సినిమాకు వచ్చిన అయిదు జాతీయ అవార్డుల్లో కళాదర్శకత్వానికి వచ్చినది చిత్రకారుడు తోట వైకుంఠం అందుకున్నారు. గడీలో ఏ మూల ఏ వస్తువు ఉండాలో తెలిసిన కన్ను ఆయనది. ఆయన బొమ్మల్లోని తెలంగాణ ఆడవాళ్లను చూడండి. నిండు బొట్టు, ముక్కుపుడక, చెవులకు కమ్మలు, మెడలో పుస్తెలు, చేతినిండా గాజులు. నగ ప్రతిదీ ఆ మనిషిలో భాగంగానే ఉంటుంది, తగిలించినట్టు ఉండదు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్‌ది మరో దారి. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి, లోహపు రేకు మీద గీసి అచ్చుతీసే విద్యలో ఆయన సిద్ధహస్తుడయ్యారు. ఆ అచ్చుల్లో మేక మెడ పట్టెడ, చెట్టు బెరడు, ఆడమనిషి తలకట్టు అన్నింటిమీదా సమానమైన శ్రద్ధే. ఏదీ ముఖ్యం కానిదిగా ఉండదు. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది.

చందమామ చూస్తూ పెరిగిన కళ్లు

1947 జులైలో మొదలైన చందమామ మూడు తరాల తెలుగు పిల్లలకు కథలు చెప్పింది. బొమ్మలు చూడటం కూడా అదే నేర్పింది. ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య లాంటివాళ్లు గీసిన పేజీల్లో రాజు ఎంత ముఖ్యమో, ఆ రాజు పక్కనున్న దీపస్తంభం అంత ముఖ్యం. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మలో కత్తి పిడి, నడికట్టు ఎలా ఉన్నాయో నేటికీ చాలామందికి గుర్తు. వపాగా పేరు పడ్డ పాపయ్య ముఖచిత్రాల్లో పట్టు అంచు జరీ, గాజుల వరస, చెంబు మీది మెరుపు విడివిడిగా కనిపిస్తాయి. ఆ వస్తువుల్లో చాలా వరకు ఇవాళ మన ఇళ్లల్లో లేవు. చందమామ పాత సంచికల్లో ఉన్నాయి.

తండాలో సూదే కలం

వికారాబాద్, తాండూరు చుట్టూ లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్ల పాత అంగీలు, సంచులు, తలగుడ్డలు చూస్తే అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగుదారాల మధ్య ఒక గణితం కనిపిస్తుంది. బట్ట మీద ముందు బొమ్మ గీసుకోరు. నేతలోని దారాలు లెక్కపెట్టుకుంటూ నేరుగా సూదితోనే గళ్లు, త్రికోణాలు, మెట్లు కుడతారు. చెంపల పక్కన వేలాడే ఘుగ్రి, జడకు కట్టే టోప్లి, చేతినిండా వేసే బలియా... ఒక్కోటి ఒక్కో చిన్న శిల్పం. ఇవి ఇప్పుడు పెళ్లిళ్లకూ తీజ్ పండుగకూ మాత్రమే పెట్టెలోంచి బయటికొస్తున్నాయి. వెండి ధర పెరిగితే కొన్ని కరిగిపోతున్నాయి కూడా. కరిగిన నగ మళ్లీ రాదు. కరగకముందు ఎవరైనా కూర్చుని గీసి ఉంటే, కనీసం దాని రూపమైనా మనవరాలికి అందుతుంది.

చిన్న వస్తువు బొమ్మను ఎలా చూడాలి?

ఇకముందు అలాంటి బొమ్మ ఎదురైతే ఈ నాలుగూ గమనించండి.

ఒకటి, గీత మందం. వస్తువు బయటి అంచు గీత కాస్త లావుగా, లోపలి నగిషీ గీతలు సన్నగా ఉన్నాయా? మంచి చేతికి అది మొదటి గుర్తు.

రెండు, కీలకమైన చోట్లు. మూత గిన్నెకు అతికే చోటు, కమ్మకు మేకు ఉండే చోటు, అడకత్తెర రెండు భాగాల్నీ కలిపే మేకు దగ్గర చూడండి. తెలియనివాడు అక్కడ ఏదో మసక నీడ వేసి తప్పించుకుంటాడు. తెలిసినవాడు అక్కడే ఎక్కువసేపు కూర్చుంటాడు.

మూడు, వంపు మీద నగిషీ. గుండ్రటి చెంబు మీద వరసగా ఉన్న పువ్వులు పక్కకు తిరిగేకొద్దీ సన్నబడాలి. అన్నీ ఒకే వెడల్పులో ఉంటే చెంబు పలకలా కనిపిస్తుంది.

నాలుగు, అరుగుదల. వాడిన వస్తువుకు పట్టుకునే చోట నగిషీ అరిగి ఉంటుంది. ఆ అరుగుదలను కూడా గీసినవాడు వస్తువునే కాదు, దాన్ని వాడిన చేతుల్ని కూడా గీశాడన్నమాట.

మీ వంతు

బొమ్మ అంత బాగా రాకపోయినా పర్వాలేదు. మీ ఇంట్లో పాత వస్తువు ఒకటి తీసి బల్ల మీద పెట్టండి. తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు చాలు. ఎత్తు, వెడల్పు కొలిచి రాసుకోండి. ఉన్నదున్నట్టు గీయండి. సొట్ట ఉంటే సొట్టను, విరిగిన మూల ఉంటే విరిగిన మూలను గీయండి. పక్కన ఆ వస్తువును మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాయండి. ఎవరిది, ఏ ఊరిలో కొన్నది, ఎందుకు వాడేవారు అన్నది పెద్దవాళ్లను అడిగి రెండు వాక్యాల్లో చేర్చండి. తేదీ వేయండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వికారాబాద్, తాండూరు బడుల్లో డ్రాయింగ్ క్లాసు ఉన్న రోజు పిల్లల చేత కొండలు, సూర్యుడు, కొబ్బరిచెట్టుకు బదులు నానమ్మ పెట్టెలోని ఒక వస్తువు గీయించండి. ఒక తరగతి పిల్లలు తలా ఒకటి గీస్తే ఆ ఊరి వస్తువుల పుస్తకం తయారవుతుంది. అమెరికాలో ఆ పనికి ప్రభుత్వం పూనుకోవాల్సి వచ్చింది. మన ఊళ్లో ఒక టీచరు, ఒక నోటు పుస్తకం చాలు. వస్తువు ఇంట్లో ఉండగానే ఆ పని మొదలుపెట్టండి.